ఒకే బల్ల, నాలుగు సాక్ష్యములు

పొరుగింటి పుల్లకూర రుచి అని మన పెద్దలు అంటారు. పొరుగు దేశపు కూర విషయములో మాత్రము ఈ సామెత అన్నివేళలా నిలువదు. ఫ్రాన్సు దేశములో ఒక నగరమున, రైల్వే స్టేషనుకు ఎదురుగా ఉన్న ఒకే హోటలులో భోజనము చేసి వచ్చిన మనవారు నలుగురు నాలుగు విధములుగా చెప్పగా మేము విన్నాము. ఒకరు "అంత మర్యాద మరెక్కడా చూడలేదు" అన్నారు. మరొకరు "మమ్మును మనుషులుగానే చూడలేదు" అన్నారు. వీరిలో ఎవరూ అబద్ధమాడేవారు కారు. మరి ఈ తేడా ఎక్కడ నుండి వచ్చింది?

ఇది పట్టణములలోని ధనవంతుల సంగతి గదా, మనకెందుకు అని అనుకొనవద్దు. నేడు మన పల్లెల నుండి కూడా పిల్లలు ఫ్రాన్సుకు చదువుల నిమిత్తము వెళ్ళుచున్నారు. పొలము కుదువ పెట్టి, బ్యాంకులో అప్పు తీసికొని పంపిన తలిదండ్రులు మన సంఘములలోనే ఉన్నారు. పట్టా పుచ్చుకొనే రోజు చూడవలెనని కొందరు తల్లులు, తండ్రులు మొదటిసారి విమానమెక్కుచున్నారు. అక్కడ ఒక పూట భోజనములో జరిగిన సంగతి, ఇక్కడ ఒక ఇంటిని రెండు నెలలు కలవరపెట్టింది. ఆ కుటుంబము వారి అనుమతితో, పేర్లు లేకుండా, ఆ సంగతి ఇక్కడ వ్రాయుచున్నాము.

బ్రాసరీ అంటే ఏమిటి?

ఫ్రెంచివారు మనకు పూర్తిగా కొత్తవారు కారు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం 1954 వరకు వారి ఏలుబడిలోనే ఉన్నది. అయినను వారి భోజనపు బల్ల సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆ స్టేషను ఎదుటి హోటలును అక్కడివారు బ్రాసరీ అంటారు. ఆ మాటకు అసలు అర్థము బీరు తయారుచేసే చోటు. మద్యము ముట్టని మన కుటుంబములకు ఈ పేరు వినగానే సందేహము కలుగుట సహజమే. అయితే ఈనాడు బ్రాసరీ అంటే కుటుంబములు కూర్చుండి కడుపునిండ భోజనము చేసే పెద్ద హోటలు. మంచినీళ్ళు మాత్రమే త్రాగి లేచి వచ్చినా ఎవరూ ఏమీ అనరు.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవారు ఆల్సేస్ ప్రాంతము వారు. అది జర్మనీ సరిహద్దున ఉన్న సీమ. మన గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలలో వలె అక్కడ కూడా లూథరన్ సంఘములు ఎక్కువ. 1864లో పారిస్‌లో బోఫింజర్ అనే బ్రాసరీ తెరిచారు. 1870-71 యుద్ధములో ఫ్రాన్సు ఓడిపోయి ఆల్సేస్ జర్మనీ చేతిలోనికి పోగా, అక్కడివారు అనేకులు ఇల్లు వాకిలి విడిచి పారిస్ చేరారు. 1880లో లెయోనార్ లిప్ అనే ఆల్సేస్ వాడు తెరచిన బ్రాసరీ నేటికిని ఆయన పేరుతోనే నడుచుచున్నది. ఉప్పులో ఊరబెట్టి పులియనిచ్చిన క్యాబేజీ, దానిమీద పంది మాంసము, సాసేజీలు, ప్రక్కన ఉడికించిన బంగాళాదుంపలు – ఇది వారు వెంట తెచ్చుకొన్న వంట. మన ఇండ్లలో ఊరగాయ జాడీ ఎట్లో, వారికి ఆ క్యాబేజీ జాడీ అట్లు.

మామూలు ఫ్రెంచి హోటళ్ళలో మధ్యాహ్నము పన్నెండు మొదలు రెండు వరకు, మరల రాత్రి ఏడు మొదలు పది ప్రాంతము వరకు మాత్రమే వంట దొరుకును. మూడు గంటలకు వెళితే పొయ్యి ఆరిపోయి ఉంటుంది. బ్రాసరీలో చాలచోట్ల ప్రొద్దున మొదలు రాత్రి పొద్దుపోయే వరకు ఎడతెగక వడ్డిస్తారు. అందుకే అవి స్టేషనుల ఎదుట ఎక్కువగా కనబడుచున్నవి. రైలు దిగినవానికి ఆకలి గడియారము చూచి వేయదు గదా!

మొదటి సాక్ష్యము: తండ్రి

ఆయన మన జిల్లాలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుడు. కుమార్తె పట్టా పుచ్చుకొనుటకు ఇంకా ఒక సంవత్సరము ఉన్నది గాని, చూడక ఉండలేక భార్యతో కలిసి వెళ్ళాడు. వారు రైలు దిగిన వేళకు అమ్మాయి తరగతిలో ఉన్నది. "స్టేషను ఎదుట హోటలులో భోజనము చేసి అక్కడే కూర్చుండండి, నాలుగు గంటలకు వస్తాను" అని ఫోనులో చెప్పింది.

ఆయన లోనికి వెళ్ళి, ఖాళీ బల్ల చూచుకొని కూర్చున్నాడు. చేయి ఎత్తి వెయిటరును పిలిచాడు. నల్ల కోటు, తెల్లని పొడవాటి ఏప్రాను వేసికొన్న ఆ పెద్దమనిషి చూచి కూడా చూడనట్లు పోయాడు. చాలసేపటికి వచ్చాడు. నీళ్ళు అడిగితే సీసా తెచ్చాడు. దానికి బిల్లులో ఆరు యూరోలు పడినది. యూరో అంటే మన లెక్కలో సుమారు వంద రూపాయలు. మాంసము "సరిగా ఉడికినది" కావలెనని ఫోనులో తర్జుమా చేయించి చూపిస్తే, కోయగానే లోపల ఎర్రగా ఉన్న ముక్క వచ్చింది. పచ్చడి అనుకొని చెంచాడు ఆవముద్ద నోటిలో వేసికొనగా మాడు వరకు ఘాటెక్కింది. తిన్న తరువాత గంట సేపు కూర్చున్నా బిల్లు తేలేదు.

"నల్లవాళ్ళమని, పల్లెటూరి వాళ్ళమని ఆ నిర్లక్ష్యము" అని ఆయన నిశ్చయించుకొన్నాడు. ఊరు చేరగానే అదే మాట అందరితో చెప్పాడు. "ఆ దేశములో మా బిడ్డను ఉంచము, వెనుకకు పిలిపిస్తాము" అన్నాడు. బ్యాంకు అప్పు సగము కూడా తీరలేదు. చదువు ఇంకా మిగిలి ఉన్నది.

రెండవ సాక్ష్యము: తల్లి

ఆమె అదే బల్ల దగ్గర, అదే గంటలో, ఆయన ప్రక్కనే కూర్చున్నది. ఆమెను అడుగగా, "నాకైతే బాగుందండీ" అన్నది.

ఆమెకు దొరికినది ఉల్లిపాయల సూపు. ఉల్లిపాయలను ఎర్రగా వేయించి, రసములో ఉడికించి, పైన రొట్టెముక్క, చీజు పెట్టి కాల్చి ఇచ్చారట. రొట్టె బుట్ట ఖాళీ అయితే అడగకుండానే మరల నింపారట. "తలుపు దగ్గర చలిగాలి కొట్టుచుంటే నేను కొంగు కప్పుకొన్నాను. ఆ పెద్దమనిషి చూచి, మాట్లాడకుండానే మమ్మును లోపలి బల్లకు మార్చాడు. మా ప్రక్క బల్లలో ఒక తెల్ల ముసలమ్మ మాకంటె ముందు తిని, మా తరువాత కూడా బిల్లు లేకుండానే కూర్చున్నది. ఆమెను కూడా ఎవరూ లేపలేదు" అన్నది. ఆ ముసలమ్మ సంగతి ఆయన కంట పడలేదు.

మూడవ సాక్ష్యము: కొత్త దంపతులు

మా సంఘములోనే మరియొక కుటుంబపు కుమారుడు, కోడలు జర్మనీలో ఉద్యోగము చేయుచు, సెలవులకు ఆ నగరము వెళ్ళారు. ఆ విద్యార్థిని చెప్పగా ఆ బ్రాసరీకే వెళ్ళారు. అది శనివారము రాత్రి. బల్ల కొరకు చాలసేపు నిలబడ్డారు. ఒకటి అడిగితే మరొకటి వచ్చింది. తినని వంటకము ఒకటి బిల్లులో చేరింది. చూపించగా కొట్టివేశారు గాని, "పొరపాటైనది" అన్న మాట ఎవరి నోటా రాలేదు. చేప మాత్రము బహు బాగున్నదట. "మరల వెళతారా?" అని అడిగితే, "శనివారము రాత్రి మాత్రము వెళ్ళము" అని నవ్వారు.

నాలుగవ సాక్ష్యము: కుమార్తె

నాలుగు గంటలకు ఆ అమ్మాయి బ్రాసరీలో అడుగుపెట్టగానే, ఆ వెయిటరు ఆమెను పేరు పెట్టి పలకరించాడు. తండ్రికి అసలు కోపము అక్కడ వచ్చింది. "నా బిడ్డ పేరు వీనికెట్లు తెలుసు?" అప్పుడు ఆమె చెప్పక తప్పలేదు. ఆరు నెలలుగా సాయంత్రములు ఆ హోటలు వంటగదిలో ఆమె గిన్నెలు కడుగుచున్నది. ఆ దేశపు చట్టము ప్రకారము విదేశీ విద్యార్థులు సంవత్సరమునకు 964 గంటల వరకు పనిచేయవచ్చును. గది అద్దెకు చాలక, ఇంటికి అడుగలేక, ఆమె ఆ పనిలో చేరింది.

డిగ్రీ చదివిన పిల్ల అంట్లు తోముటయా అని తండ్రి తల దించుకొన్నాడు. ఆయన ఊరిలో చెప్పిన మాటల వెనుక ఈ గాయము కూడా ఉన్నది. అయితే ఆ అమ్మాయి మాతో ఫోనులో ఇట్లు చెప్పింది: "అయ్యగారూ, బల్ల దగ్గర కూర్చున్నవారికి తలుపు ఇవతలి సంగతి తెలియదు. ఒక్కొక్క వెయిటరుకు ఒక వరుస బల్లలన్నీ అప్పగిస్తారు. మధ్యాహ్నము రద్దీలో వారు నడువరు, దాదాపు పరుగెత్తుతారు. రద్దీ మొదలు కాకముందే పనివారమంతా ఒకే బల్ల దగ్గర కూర్చుండి తింటాము. వంట మేస్త్రీ, వెయిటర్లు, గిన్నెలు కడిగే నేను, అందరము. అక్కడ నాకు వేరే గ్లాసు లేదు."

ఈ చివరి మాట మమ్మును ఆలోచింపజేసింది. ఆమె తండ్రి చిన్నతనములో, టీ కొట్టులో మనవారికి వేరుగా పెట్టిన గ్లాసులో టీ త్రాగి, దానిని తానే కడిగి పెట్టి వచ్చినవాడు. ఆ రెండు గ్లాసుల పద్ధతి ఎట్టిదో ఈ పత్రిక చదివే పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. అట్టి అనుభవము గలవాడు, పిలిస్తే పలుకని వెయిటరును చూడగానే ఏమి తలంచును? పాత గాయము ఉన్న చోట మెల్లగా తాకినా నొప్పియే. ఆయన కోపమును తేలికగా తీసివేయుట న్యాయము కాదు. అయితే ఆ రోజు నిజముగా జరిగినది ఏమిటో తెలిసికొనుట కూడా న్యాయమే.

ఆ దేశపు బల్ల మర్యాద

మొదటిది, పలకరింపు. ఫ్రాన్సులో కొట్టులోనికి గాని హోటలులోనికి గాని అడుగుపెట్టగానే "బోంజూర్" అనవలెను. అనకపోతే, మన ఇంటికి వచ్చినవాడు "బాగున్నారా" అనకుండా నేరుగా మంచమెక్కి కూర్చున్నట్లే వారికి తోచును. గుమ్మము దగ్గర ఆగి, బల్ల వారు చూపగా కూర్చుండవలెను. చిటికె వేయుట, కేక వేయుట వారు సహింపరు.

రెండవది, నీళ్ళు. వట్టి "నీళ్ళు" అంటే చాలసార్లు ఖరీదైన సీసా వచ్చును. "కరాఫ్ దో" అని అడిగితే కుళాయి నీళ్ళు కూజాలో ఇస్తారు. భోజనము చేసేవారికి ఈ నీళ్ళు, రొట్టె ఉచితముగా ఇవ్వవలెనన్నది అక్కడి నియమము.

మూడవది, మాంసము. దానిని ఉడికించుటలో వారికి నాలుగు మెట్లు ఉన్నవి. "బ్లో" అంటే పైపైన కాల్చినది, "సెన్యాన్" అంటే రక్తము కారునది, "ఆ ప్వాన్" అంటే వారి లెక్కలో సరియైనది, "బియాన్ క్వీ" అంటే బాగుగా కాలినది. ఆ తండ్రి ఫోను "సరిగా ఉడికినది" అన్న మాటను "ఆ ప్వాన్" అని మార్చింది. వారికి సరియైనది మనకు పచ్చిది! "తార్తార్" అని వ్రాసి ఉంటే అది బొత్తిగా పచ్చి మాంసమే అని తెలిసికొనండి. ఆల్చిప్పలు కూడా మంచుముక్కల మీద పెట్టి పచ్చివిగానే ఇస్తారు.

నాలుగవది, బిల్లు. అడుగకుండా బిల్లు తెచ్చుట "ఇక లేచిపొండి" అని చెప్పుటతో సమానమని వారి తలంపు. అందుచేత అతిథి "లాదిస్యోన్, సిల్ వూ ప్లే" అని అడిగేవరకు వారు తేరు. మన తండ్రి గంటసేపు అవమానము అనుకొన్నది, ఆ వెయిటరు తన లెక్కలో చూపిన మర్యాద.

ఐదవది, టిప్పు. ధరల పట్టీలో వ్రాసిన ధరలోనే సేవ ఖరీదు చేరి ఉంటుంది. పైన చిల్లర వదిలితే సంతోషము, వదలకపోతే తప్పు లేదు. వెయిటరు పని అక్కడ నేర్చుకొని చేసే వృత్తి. చిల్లర కొరకు చేతులు కట్టుకొని నిలబడడు. పళ్ళెములో కాఫీ కప్పు, నీళ్ళ గ్లాసు, క్రువసాన్ అనే రొట్టె పెట్టుకొని, తొణకకుండా రెండు కిలోమీటర్లు నడిచే పందెము పారిస్‌లో 1914లో మొదలైనది. 2011 తరువాత ఆగిపోయి, 2024 మార్చిలో మరల జరిగింది. అందులో పరుగెత్తరాదు, వేగముగా నడువవలెను. తమ వృత్తి విషయములో వారికి అంత గౌరవము. చిరునవ్వు తక్కువగా ఉన్నంత మాత్రమున అది ద్వేషము కాదు.

తప్పు నిజముగా ఉన్నప్పుడు

అట్లని తప్పంతా అతిథిదే అని చెప్పుట లేదు. ఆ దంపతుల బిల్లులో చేరిన వంటకము మర్యాద క్రిందికి రాదు, అది పొరపాటే. బయట నుండి తెచ్చిన వంటకమును వేడిచేసి సొంత వంట వలె వడ్డించు హోటళ్ళు కూడా ఆ దేశములో ఉన్నవి. అందుచేతనే 2014లో ప్రభుత్వము "ఫే మేజోన్", అనగా ఇక్కడే వండినది, అనే గుర్తును ఏర్పరచింది. గిన్నె మీద ఇంటి కప్పు ఉన్న బొమ్మ అది. పట్టీలో ఆ గుర్తు చూచి అడుగవచ్చును. బిల్లు చదివి డబ్బు కట్టుట ఎక్కడనైనను మంచిదే.

ఇక రంగును బట్టి, పుట్టుకను బట్టి చూపే భేదము ఆ దేశములో లేదని మేము చెప్పము. అది ఉన్నది గనుకనే దానికి చట్టము కూడా ఉన్నది. పుట్టుకను బట్టి వడ్డించ నిరాకరించుట అక్కడ నేరము. మూడు సంవత్సరముల వరకు జైలు, 45,000 యూరోల వరకు జరిమానా విధింపవచ్చును. ప్రజలు వచ్చిపోయే స్థలములో అట్లు జరిగితే శిక్ష ఇంకా ఎక్కువ. ఇట్టి ఫిర్యాదులు వినుటకు 2011 నుండి హక్కుల రక్షకుని కార్యాలయము పనిచేయుచున్నది. నిజమైన అవమానమును మ్రింగి ఊరకుండుమని పిల్లలకు నేర్పవద్దు. అయితే ఒక ప్రశ్న వేసికొనుట నేర్పండి: "ప్రక్క బల్లవారికి కూడా ఇట్లే జరుగుచున్నదా?" ఆ తల్లి చూచినది అదే. ముసలమ్మకు ఒక పద్ధతి, మనకు ఒక పద్ధతి అయితే అది భేదము. అందరికీ ఒకటే అయితే అది ఆ ఇంటి ఆచారము.

ఇదే ప్రశ్న మన హోటళ్ళలో మనలను మనము కూడా వేసికొనవలసి ఉన్నది. మన బస్టాండు హోటలులో బల్ల తుడిచే పిల్లవానిని మనము ఏమని పిలుచుచున్నాము? "ఒరేయ్" అనియా? వాని పేరు ఎన్నడైనా అడిగామా? ఆ దేశపు వెయిటరుకు గిన్నెలు కడిగే మన పిల్ల పేరు తెలుసు.

పిల్లలను పంపిన తలిదండ్రులకు

రెస్టారెంటు అనే మాటను గూర్చి ఒక కథ చెప్పుచుంటారు. 1765లో పారిస్‌లో బూలాంజే అనేవాడు సూపు కొట్టు పెట్టి, ప్రయాసపడువారిని తన యొద్దకు పిలిచిన ప్రభువు మాటను కొంచెము మార్చి, కడుపు ప్రయాసపడువారిని పిలిచినట్లు తలుపు మీద వ్రాయించాడట. చరిత్రకారులు ఈ కథను నమ్ముట లేదు. ఆ మాట పుట్టుక మాత్రము వాస్తవమే. బలము తగ్గినవారిని మరల తేరుకొనజేయు రసము పేరే హోటలు పేరుగా మారింది. అలసినవాడు తేరుకొనే చోటు అని భావము. అలసినవాడు బల్ల దగ్గర కూర్చున్నవాడే కానక్కరలేదు, వంటగదిలో నిలబడినవాడు కూడా కావచ్చును.

మీ పిల్లలు పరదేశములో ఏ పని చేయుచున్నారో మెల్లగా అడగండి. చెప్పుటకు సిగ్గుపడకుండునట్లు అడగండి. చదువుతోబాటు గిన్నెలు కడుగుట, సంచులు మోయుట, రాత్రివేళ కొట్టు తుడుచుట అవమానము కాదు. దానిని మన దగ్గర దాచవలసి వచ్చుటయే వారికి భారము. గంటల లెక్క చట్టము దాటుచున్నదా, నిద్ర చాలుచున్నదా, జీతము సరిగా ఇచ్చుచున్నారా అని విచారించండి. "పరువు పోయింది" అనే మాట మాత్రము ఫోనులో వారి చెవిని పడనీయవద్దు.

ఆ ఉపాధ్యాయుని ఇంట రెండు నెలలు సాగిన వాదన తల్లి మాటతో తెగింది. "నేను కూడా కూలికి వెళ్ళియే దానిని చదివించాను. అది చేసేదీ అదే" అని ఆమె అన్నది. అమ్మాయి చదువు సాగుచున్నది. మాంసము పచ్చిగా ఉన్నదన్న మాట ఆయన నేటికిని విడువలేదు, అది నిజమే గనుక విడువనక్కరలేదు. మనుషులుగా చూడలేదన్న మాట మాత్రము ఇప్పుడు చెప్పుట లేదు. ఈసారి వెళ్ళుటకు నాలుగు ఫ్రెంచి మాటలు తెలుగు లిపిలో కాగితము మీద వ్రాయించుకొన్నారు. మొదటి మాట "బోంజూర్", రెండవది "బియాన్ క్వీ".